సివిల్స్ ఇంటర్వ్యూలో తరచూ జరిగే పొరపాట్లు: మొదటిసారి వెళ్తున్నవారి కోసం

మిర్యాలమ్మాయి
అందరికీ నమస్కారం. ఈసారి మెయిన్స్ ఫలితాల్లో నా నంబరు ఉంది. ఢిల్లీలో వ్యక్తిత్వ పరీక్షకు, అంటే ఇంటర్వ్యూకు, ఇంకా 5 వారాల గడువు ఉంది. మా ఇంట్లో గానీ మా వీధిలో గానీ ఈ పరీక్ష దాకా వెళ్ళినవారు లేరు కాబట్టి, ఇక్కడి పెద్దలను అడగడం తప్ప నాకు వేరే దారి లేదు.

డీఏఎఫ్‌లో (మెయిన్స్ అభ్యర్థులు నింపే వివరమైన దరఖాస్తులో) నేను రాసినవి ఇవి: పుట్టి పెరిగింది మిర్యాలగూడ, నల్గొండ జిల్లా. నాన్నగారిది ప్రైవేటు ఉద్యోగం. హైదరాబాద్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివి, భవనాల డిజైన్ చేసే సంస్థలో రెండేళ్ళు పనిచేశాను. ఐచ్ఛిక సబ్జెక్టు సోషియాలజీ. అభిరుచులు పుస్తక పఠనం, వంట. ఇంటర్వ్యూ మాధ్యమం ఇంగ్లీషు. ఒక్కో అంశం మీద రావచ్చుననుకున్న ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకుంటే ఇప్పటికి 90 పుటలయ్యాయి. అవి పూర్తిగా నోటికి వస్తే సరిపోతుందా? మొదటిసారి వెళ్ళేవారు ఎక్కువగా ఎక్కడ పొరపాటు చేస్తారో దయచేసి చెప్పగలరు.

విశ్రాంత_ఉద్యోగి
అమ్మా, ముందుగా అభినందనలు. మీ చివరి ప్రశ్నకు జవాబు అంతకుముందు వాక్యంలోనే ఉంది. ఆ 90 పుటలే మొదటి పొరపాటు.

యూపీఎస్సీ ఏటా విడుదల చేసే ప్రకటనలోనే ఈ పరీక్ష ఎలా ఉంటుందో రాసి ఉంటుంది, కానీ సిలబస్ చదివినంత శ్రద్ధగా ఆ పేరా ఎవరూ చదవరు. ఇది నిలదీసి అడిగే విచారణ కాదనీ, సహజంగా సాగుతూనే ఒక ఉద్దేశంతో నడిచే సంభాషణ అనీ అందులో స్పష్టంగా ఉంది. చురుకుదనం, విషయాన్ని విడమరిచి చెప్పే తీరు, తూకం తప్పని నిర్ణయం, ఆసక్తుల వైవిధ్యం, నిజాయితీ వంటివి చూస్తామని కూడా వాళ్ళే చెబుతారు. మీకు ఎంత తెలుసో మెయిన్స్‌లో 1750 మార్కులకు తూచారు. ఇక్కడ మిగిలినవి 275. పైగా మీకు మెయిన్స్‌లో ఎన్ని మార్కులు వచ్చాయో బోర్డు ముందు ఉండదు, వారి ముందున్నది మీ డీఏఎఫ్ మాత్రమే.

బట్టీ పట్టిన జవాబు గదిలో అందరికీ తెలిసిపోతుంది. చూపు కాస్త పైకి లేస్తుంది, మాట వేగం పెరుగుతుంది, అడిగిన ప్రశ్నలోని ఒక్క పదాన్ని పట్టుకుని అడగని ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నమూనా ఇంటర్వ్యూలకు చాలాసార్లు కూర్చున్నాను. "మీ జిల్లాకు కలెక్టరుగా వెళ్తే మొదట ఏం చేస్తారు?" అని ఒకే ఉదయం ఆరుగురిని అడిగితే, నలుగురు ఒకే మూడు మాటలను ఒకే వరుసలో చెప్పారు. నలుగురివీ వేర్వేరు జిల్లాలు.

రెండోసారి
నా అనుభవం చెబుతాను, మీకు పనికి రావచ్చు. మాది కొండపల్లికి దగ్గరి ఊరు. మొదటిసారి వెళ్ళినప్పుడు, "మీ ప్రాంతపు బొమ్మల గురించి చెప్పండి" అని అడుగుతారని ముందే ఊహించి, భౌగోళిక గుర్తింపు, ఎగుమతులు, పథకాలు అన్నీ చదువుకుని వెళ్ళాను. అనుకున్నట్టే అడిగారు. నేను చదివినదంతా అప్పజెప్పాను. అధ్యక్షులు చివరిదాకా విని, "ఈ బొమ్మలు అంత తేలికగా ఉంటాయి కదా, ఏ చెక్కతో చేస్తారు?" అన్నారు.

నాకు తెలియదు. అయినా "టేకు" అన్నాను. ఎడమ వైపున్న సభ్యురాలు నవ్వుతూ, "మీరు ఎప్పుడైనా ఆ బొమ్మను చేతిలోకి తీసుకున్నారా?" అని అడిగారు. అక్కడైనా ఆగవలసింది. "కొన్నింటిని టేకుతో కూడా చేస్తారు మేడమ్" అని మొదటి అబద్ధానికి రెండోదాన్ని జత చేశాను. అది తెల్లపొణికి చెక్క అనీ, ముక్కలను అతకడానికి చింతగింజల పొడి కలిపిన మక్కు వాడతారనీ, నిర్మల్ బొమ్మలు కూడా పొణికితోనే చేస్తారనీ ఆ తరువాత మా ఊరి వృద్ధుడొకాయన వాకిట్లో కూర్చోబెట్టి చెప్పారు. ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతల. నేను చదివినదంతా ఢిల్లీలో అచ్చైన పుస్తకాల్లోది.

చెక్క పేరు తెలియకపోవడం వల్ల పోయింది ఏమీ లేదని నా నమ్మకం. ఆ తరువాతి 10 నిమిషాలు నేను ఏం చెప్పినా వాళ్ళ ముఖాల్లో "ఇది కూడా టేకేనా?" అన్న అనుమానం కనిపించింది. రెండోసారి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలకు "తెలియదండి" అన్నాను. రెండు ప్రయత్నాల మధ్య ఇంటర్వ్యూ మార్కుల్లో 40కి పైగా తేడా వచ్చింది.

అశోక్‌నగర్_గది_నం_7
రెండోసారి గారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే "తెలియదు" అనడమే గొప్ప నిజాయితీ అన్న ప్రచారం ఇప్పుడు ఎంత ముదిరిందంటే, కొందరు ఆలోచించవలసిన ప్రశ్నకు కూడా వెంటనే "క్షమించాలి సార్, తెలియదు" అని చేతులు దులుపుకుంటున్నారు. అది కూడా పొరపాటే.

పేరు, తేదీ, అంకె, సెక్షను నంబరు వంటివి తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. అక్కడ ఊహించకూడదు. "మీ పట్టణంలో ఈ సమస్య ఎందుకు తీరడం లేదనుకుంటున్నారు?" అన్నప్పుడు మాత్రం వాళ్ళు మీ ఆలోచనను అడుగుతున్నారు. "గణాంకాలు నా దగ్గర లేవు, నేను చూసినంతలో కారణం ఇది" అని మొదలుపెట్టవచ్చు. ఈ రెండు రకాల ప్రశ్నలను వేరుచేసి చూడడం నాకు నాలుగో మాక్ (నమూనా ఇంటర్వ్యూ) తరువాత గానీ అలవడలేదు. అందువల్ల విశ్రాంత_ఉద్యోగి గారు ఆ ఆరుగురి ఉదాహరణతో మాక్‌లను అంత తేలికగా తీసేయడం నాకు సమంజసంగా అనిపించలేదు.

విశ్రాంత_ఉద్యోగి
తీసేయలేదు నాయనా. రెండు మూడు మాక్‌లు మంచివే. కుర్చీలో ఎలా కూర్చుంటున్నారో, మాట ఎక్కడ తడబడుతోందో, ఒక్కో వాక్యానికి "బేసిగ్గా" అని ఎన్నిసార్లు అంటున్నారో ఇంకొకరు చెబితే గానీ తెలియదు. పదో మాక్ దాటిన పిల్లల సంగతి వేరు. ఒకరు నవ్వమంటారు, ఒకరు నవ్వొద్దంటారు. ఒకరు ఐఏఎస్ ఎందుకంటే సేవ అనమంటారు, మరొకరు ఆ మాటే ఎత్తవద్దంటారు. చివరికి లోపలికి వెళ్ళేది ఎవరో వాళ్ళకే అంతుబట్టదు.

అశోక్‌నగర్_గది_నం_7
నేను తీసుకున్నవి 11. మీరు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. అయినా ఇంగ్లీషులో అరగంట నిలకడగా మాట్లాడిన అలవాటు లేని మా వంటివారికి ఆ 11 అక్కరకు వచ్చాయి. ఈ విషయంలో మన అభిప్రాయాలు వేరుగానే ఉండనివ్వండి సార్.

వచ్చే_ఏడు_నేనే
నడుమ దూరుతున్నందుకు మన్నించండి. నేను తెలుగు మాధ్యమంలో రాయబోతున్నాను. ఇంటర్వ్యూ తెలుగులో ఇస్తే మార్కులు తగ్గుతాయని మా హాస్టల్లో అందరూ భయపెడుతున్నారు. ఇది నిజమేనా?

తెలుగులో_ఇచ్చినవాణ్ణి
తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చే హక్కు మీకు ఉంది, దరఖాస్తులోనే ఆ సంగతి తెలపాలి, అనువాదకుణ్ణి వాళ్ళే కూర్చోబెడతారు. 2016 పరీక్షలో 3వ ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లావాసి రోణంకి గోపాలకృష్ణ గారు తెలుగులోనే రాసి, ఇంటర్వ్యూ కూడా అనువాదకుడి సాయంతో తెలుగులోనే ఇచ్చారు. కాబట్టి మాధ్యమాన్ని తప్పుపట్టనవసరం లేదు. తెలుగులో ఇచ్చేవారు చేసే పొరపాట్లు మాత్రం వేరే రకంగా ఉంటాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు.

నేను చేసిన పొరపాటే చెబుతాను. అవినీతి ఆరోపణ వచ్చిన సహోద్యోగితో ఎలా మసలుకుంటారని అడిగారు. నేను ఉత్సాహంగా "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని మొదలుపెట్టి, ఆపకుండా ఆరేడు వాక్యాలు చెప్పాను. అనువదించే ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. ఆ సామెతను విడదీసి చెప్పేలోపు నా అసలు వాదనలో సగం ఆయన గుర్తులోంచి జారిపోయింది. దోషం ఆయనది కాదు. ఒక మనిషి ఎన్ని వాక్యాలను మోయగలడో నేను లెక్క వేసుకోలేదు.

రెండు వాక్యాలు చెప్పి ఆగండి. అనువాదం జరుగుతున్నప్పుడు అనువాదకుడి ముఖం వైపు కాక, ప్రశ్న అడిగినవారి వైపే చూడండి. "సమాఖ్య", "వికేంద్రీకరణ" వంటి మాటలు వాడినా ఫర్వాలేదు గానీ, మీ ఒక్క పాఠ్యపుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినిపించని పారిభాషిక పదం కన్నా జనం వాడే ఇంగ్లీషు మాటే నయం. ప్రశ్న ఇంగ్లీషులో అడిగినప్పుడే మీకు అర్థమైపోతుంది, దాని అనువాదం వినేలోపు ఆలోచించుకోవడానికి కొన్ని క్షణాలు దొరుకుతాయి. ఇంగ్లీషులో ఇచ్చేవారికి లేని సౌకర్యం ఇది, చాలామంది దీన్ని వాడుకోరు.

సాగర్_కుడికాలువ
మిర్యాలమ్మాయి గారూ, మాది పల్నాడు. మీ ఊరికి సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, మాకు కుడి కాలువ నీళ్ళు. కాబట్టి మిమ్మల్ని కృష్ణా జలాల గురించి అడగకుండా వదలరని రాసిపెట్టుకోండి. నన్ను ఇలా అడిగారు: "రేపు మిమ్మల్ని అవతలి గట్టున కలెక్టరుగా వేశామనుకోండి, నీళ్ళ కోసం రైతులు డ్యాము మీదికి వస్తే ఎవరి పక్షాన నిలబడతారు?" మీరైతే ఏం చెబుతారు?

మిర్యాలమ్మాయి
ప్రయత్నిస్తాను. "నీరు జాతీయ సంపద. రెండు రాష్ట్రాల రైతులూ మన రైతులే. ఇరుపక్షాలతో చర్చించి, సామరస్యంగా, అందరికీ ఆమోదయోగ్యమైన పరిష్కారం సాధిస్తాను."

సాగర్_కుడికాలువ
నేను చెప్పినది కూడా అక్షరాలా ఇదే. దానికి వచ్చిన స్పందన: "బాగుంది. చర్చలు జరిగాయి, ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదు గంటలైంది. ఏం చేస్తారు?"

విశ్రాంత_ఉద్యోగి
ఈ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అభిప్రాయం అడిగినప్పుడు జరిగే పొరపాట్లన్నీ ఇందులో కనిపిస్తున్నాయి. ఒకరు సొంత ప్రాంతం మీద ప్రేమతో వకీలు అవతారం ఎత్తుతారు. ఇంకొకరు ఆ భయంతో ఎటూ చెప్పకుండా మంచిమాటల వెనక దాక్కుంటారు. రెండోదాన్ని సమతూకం అనుకుంటారు గానీ కాదు.

అమ్మా, కలెక్టరుకు నీళ్ళు పంచే అధికారం లేదు. మీ జవాబు మొదలు కావలసింది అక్కడ. కృష్ణా జలాల పంపకం కోసం వేసిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. విభజన తరువాత 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు ప్రకారం అందులో 512 ఆంధ్రప్రదేశ్‌కు, 299 తెలంగాణకు అన్న లెక్క వచ్చింది. దాని మీద తెలంగాణ అభ్యంతరం కొనసాగుతోంది. 2014 పునర్విభజన చట్టం కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది. నీటి విడుదల మీద మాట చెప్పవలసింది ఆ స్థాయిలో. సాయంత్రం ఐదు గంటలకు డ్యాము దగ్గర కలెక్టరు చేతిలో ఉన్నవి శాంతిభద్రతలు, అవతలి జిల్లా కలెక్టరుకు చేయగలిగిన ఒక ఫోను, రైతులకు ఉన్నదున్నట్టు చెప్పగలిగిన నోరు. "నా పరిధిలో ఉన్నవి ఇవి, ఇవి చేస్తాను, నీటి వాటా నా పరిధిలోది కాదు, ఆ మాటే రైతులతో అంటాను" అని చెప్పగలిగితే, మీరు ఏ గట్టు నుంచి వచ్చారన్న సంగతే వెనక్కి పోతుంది.

రెండోసారి
దీనికి ఇంకొకటి కలుపుతాను. బోర్డులో ఎవరైనా మీ మాటను గట్టిగా ఖండిస్తే, వెంటనే "అవును సార్, మీరు చెప్పిందే నిజం" అని జెండా మార్చకండి. అలాగని మొండిగా వాదించనూ వద్దు. వాళ్ళు చూపిన కారణం కొత్తదైతే ఒప్పుకోవచ్చు. కొత్త కారణమేమీ చూపకుండా గొంతు మాత్రమే పెంచితే, మీరు చెప్పిన మాట మీద మర్యాదగా నిలబడవచ్చు.

మిర్యాలమ్మాయి
అందరికీ కృతజ్ఞతలు. 90 పుటలను పక్కన పెట్టాను. కానీ వాటి స్థానంలో ఏం చదవాలో తోచడం లేదు. చీర కట్టుకోవాలా, నమస్కారం ఎవరికి ముందు పెట్టాలి వంటివి కూడా చెప్పండి.

అశోక్‌నగర్_గది_నం_7
చీరైనా సల్వారైనా ఫర్వాలేదు, మీరు రోజంతా ఇబ్బంది లేకుండా ఉండగలిగినది అయితే చాలు. కొత్త చెప్పులు మాత్రం ఆ రోజే మొదటిసారి వేసుకోకండి. అధ్యక్షులకు ఒక నమస్కారం, మిగిలినవారి వైపు ఒక చూపు, కూర్చోమన్నాక కూర్చోవడం, అంతే. మధ్యాహ్నపు విడత వస్తే ఆంధ్రా భవన్‌లో పప్పు, గోంగూరలతో నిండు భోజనం చేసి వెళ్ళకండి. నా మిత్రుడొకడు బోర్డు ముందు ఆవలింత ఆపుకోవడానికే సగం శక్తి ఖర్చు చేశాడు.

విశ్రాంత_ఉద్యోగి
ఏం చదవాలన్నది అసలు ప్రశ్న. మీ డీఏఎఫ్‌ను ముద్రించి బల్ల మీద పెట్టుకోండి. మీరు ఒక్కో గడికి ఒక్కో అధ్యాయం తయారు చేసుకున్నారు: ఊరికి ఒకటి, డిగ్రీకి ఒకటి, అభిరుచికి ఒకటి. అనుభవమున్న సభ్యులు ఒక గడిలోంచి ఇంకొక గడిలోకి గీత గీస్తారు, ప్రశ్న ఆ గీత మీద నుంచి వస్తుంది. మీరు సివిల్ ఇంజినీరు, మీది నల్గొండ జిల్లా. ఈ రెండింటినీ కలిపితే వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో చెప్పండి చూద్దాం.

మిర్యాలమ్మాయి
నాగార్జునసాగర్ ఆనకట్ట అనుకుంటున్నాను. 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, రాతికట్టడపు ఆనకట్ట, 26 గేట్లు…

విశ్రాంత_ఉద్యోగి
అది రెండోది. మొదటిది మీ జిల్లా పేరే పెట్టుకుని దేశదేశాల పాఠ్యపుస్తకాల్లో ఉన్న నీటిశుద్ధి పద్ధతి.

మిర్యాలమ్మాయి
నల్గొండ టెక్నిక్! నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివి, పర్యావరణ ఇంజినీరింగ్ పరీక్షలో దాని మీద జవాబు కూడా రాసి, ఇప్పుడు గుర్తుకు రానందుకు సిగ్గుగా ఉంది. ఇలా చెప్పవచ్చా: "తాగునీటిలో ఫ్లోరైడు తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన పద్ధతి ఇది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేటపడనిచ్చి, వడకడతారు. చౌకైనది, స్వదేశీ పరిజ్ఞానం, ఫ్లోరైడు పీడిత గ్రామాలకు వరం."

విశ్రాంత_ఉద్యోగి
"వరం" దగ్గర మీరు ఇంజినీరు కాకుండా పోయారు. అంత మంచి పద్ధతి ఉంటే మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో వంకర తిరిగిన కాళ్ళతో ఒక తరమంతా ఎందుకు బతికింది? వాళ్ళు తప్పక అడిగేది ఇదే. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును బట్టీ, క్షారతను బట్టీ మారుతుంది, అందువల్ల ఎవరో ఒకరు నీటిని పరీక్షిస్తూ ఉండాలి. అడుగున చేరిన మడ్డిని రోజూ తీసి ఎక్కడో పారబోయాలి. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అంటే రసాయనశాస్త్రం పనిచేసినా, దాన్ని ప్రతి ఉదయం చేసే మనిషికి జీతం, శిక్షణ, పర్యవేక్షణ లేనిచోట పథకం నిలవదు. చివరికి బోరునీటిని శుద్ధి చేయడం కన్నా కృష్ణా నీటినే గొట్టాల ద్వారా తెచ్చే దారి వైపు ప్రభుత్వాలు మొగ్గాయి. ఒక్క ప్రశ్నలో మీ డిగ్రీ, మీ జిల్లా, మీ సోషియాలజీ, మీరు కోరుకున్న ఉద్యోగం నాలుగూ ఉన్నాయి చూడండి.

రెండోసారి
ఇంకొక గడి నాకు అనుమానంగా ఉంది. "నాన్నగారిది ప్రైవేటు ఉద్యోగం" అన్నారు. మిర్యాలగూడలో ప్రైవేటు ఉద్యోగమంటే ఏమిటో చెప్పగలరా? అడగడం తప్పైతే మన్నించండి.

మిర్యాలమ్మాయి
తప్పేమీ లేదు. రైస్ మిల్లులో గుమాస్తా. 22 ఏళ్ళుగా అక్కడే. ఆ గడిలో అంతకన్నా వివరం రాయాలని అప్పుడు అనిపించలేదు. నిజం చెప్పాలంటే రాయాలనిపించలేదు.

రెండోసారి
ఆ గడిలో మీరు రాసినది అబద్ధమేమీ కాదు. కానీ బోర్డు అడిగితే మొదటి మాటలోనే "రైస్ మిల్లులో గుమాస్తా" అని చెప్పండి. నసిగితే అదే ప్రశ్న మూడుసార్లు వస్తుంది. ఇంకొక మాట, ఈ వారంలో ఒక పూట ఆయన దగ్గర కూర్చుని మిల్లు గురించి అడగండి. నేను చెక్క పేరు అడగకుండా వెళ్ళిన పొరపాటు మీరు చేయకండి.

మిర్యాలమ్మాయి
నిన్న రాత్రి నాన్నను అడిగాను. ముందు నవ్వారు, తరువాత రెండు గంటలు చెప్పారు.

ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లుకు ఇస్తే, క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలట. ఈ లెక్క నేను ఎక్కడో చదివి మరచిపోయాను. ఆ ఒక్క కిలో తేడా ఎందుకని అడిగితే, ఆయన వంటింట్లోకి వెళ్ళి సంచిలోంచి యాసంగి బియ్యం గుప్పెడు తెచ్చి నా అరచేతిలో పోసి, వేలితో గింజలను ఒకవైపు, నూకలను మరొకవైపు జరిపారు. ఎండల్లో కోతకొచ్చిన వడ్లను పచ్చిగా మర ఆడిస్తే ఇలా విరుగుతాయనీ, ఉడికించి ఆరబెట్టి ఆడిస్తే గింజ గట్టిపడి నిలుస్తుందనీ, ఆ సంగతి తేలకనే 2021, 2022 సంవత్సరాల్లో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య అంత గొడవ జరిగిందనీ చెప్పారు. ఆ గొడవ మీద నా నోట్సులో రెండు పుటలున్నాయి. అందులో కేంద్రం వాదన ఉంది, రాష్ట్రం వాదన ఉంది, నూక అన్న మాట మాత్రం లేదు.

విశ్రాంత_ఉద్యోగి
బోర్డు అడిగితే ఆ అరచేతి సంగతి చెప్పండి. అడగకపోతే బలవంతంగా దూర్చకండి, అది కూడా పొరపాటే. మీ తేదీ ఎప్పుడు?

మిర్యాలమ్మాయి
వచ్చే నెల రెండో వారం, ఉదయపు విడత. ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు సర్దుతున్నాను. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంది, డిగ్రీ పట్టాలో పూర్తిగా ఉంది. రేపు ఆ సంగతి చూసుకోవాలి.